బరువు ఎక్కువా, బాడుగ ఎక్కువా?

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. సొంత పికప్ బండి ఉంది, నాపరాళ్లు తోల్తుంటా. పోయిన నెల ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన 300 అడుగుల బండలు కావాలంటే 2,500కు బాడుగ మాట్లాడుకున్నాం. ఒకే ట్రిప్పులో పోతాదిలే అని మొత్తం ఎత్తినాం. దారిలో ఆపి కాటాకు తోలిచ్చినారు. 800 కిలోలకు పైన ఎక్కువుందని 22,000 ఫైను రాసినారు. ఎక్కువున్నవి దించితే గానీ కదలనీలేదు. ఇంకో బండి పిలిపిచ్చి 1,200 ఇచ్చినా. ఇవన్నీ చూసుకొని ఆయన దగ్గర 6,000 తీసుకున్నా. ఇచ్చినాడు గానీ, సాయంత్రం ఫోన్‌లో 'ఓవర్‌ఛార్జ్ చేసినావు' అని మెసేజ్ పెట్టినాడు. చలానా మీద ఓవర్‌లోడ్ అని ఉంది. అదే వారం వచ్చిన కరెంటు బిల్లులో సర్‌ఛార్జ్ అని ఉంది. ఇంటర్ చదివే మా పాప 'నాయనా, ఇవి మూడూ ఒకటేనా? తెలుగులో ఏమంటారు?' అని అడిగితే నోరు పెగల్లేదు. ఆ మాటల అర్థం చెప్పండి. నేను ఆయన దగ్గర తీసుకున్నది తప్పో కాదో కూడా చెప్పండి.

జవాబు: నాయనా, నువ్వు రెండు ప్రశ్నలడిగినావు. నీ బిడ్డ అడిగిన దానితోనే మొదలుపెడతా. దాని జవాబు తేలితే నీ 6,000 లెక్క సగం తేలినట్టే.

ఛార్జ్ అనే మాట పుట్టింది బండి దగ్గరే. రోమన్ల లాటిన్‌లో 'కర్రుస్' అంటే సరుకు తోలే బండి. అది కూడా వాళ్ల సొంత మాట కాదు, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఉండిన గాల్ జనం దగ్గర తెచ్చుకున్నది. దాన్నుంచి 'కర్రికారె' అని ఒక క్రియ వచ్చింది. బండికి సరుకు ఎత్తడం అని దానర్థం. అది ఫ్రెంచి వాళ్ల నోట్లో నలిగి ఇంగ్లీషులోకి వచ్చి ఛార్జ్ అయింది. నువ్వు రోడ్డు మీద చూసే కారు, ఓడల్లో పోయే కార్గో, మోయడమనే అర్థమున్న క్యారీ, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇటలీ వాళ్లు అదే మాటను బొమ్మలకు వాడుకున్నారు. ఒకరి ముక్కునో మీసాన్నో ఉన్నదానికంటే బరువెక్కించి గీస్తే అది క్యారికేచర్. పేపర్లో నాయకుల బొమ్మలు చూస్తుంటావు కదా, అవి కూడా ఒక రకం ఓవర్‌లోడే.

కాబట్టి ఛార్జ్ అంటే మొదట్లో బరువు ఎత్తడం, అంతే. ఎద్దు మీద పెడితే సరుకు. మనిషి మీద పెడితే పని, అందుకే ఇన్‌ఛార్జి. నిందితుడి మీద పెడితే నేరం, అందుకే ఛార్జిషీటు. పాతకాలపు తుపాకీలో పెడితే మందు. బ్యాటరీలో పెడితే కరెంటు. కొనేవాడి మీద పెడితే ధర, మన బస్సు చార్జీ లాగా. దీనికి ముందు 'ఓవర్' తగిలిస్తే మోయదగ్గ దానికంటే ఎక్కువ ఎత్తడం. ఫ్రెంచి వాళ్లు ఓవర్‌కు బదులు 'సుర్' అంటారు, దాన్నే మనం సర్‌ఛార్జ్ అంటున్నాం. పుట్టుకలో ఓవర్‌ఛార్జ్, సర్‌ఛార్జ్ రెండూ అక్కచెల్లెళ్లే. వాడుకలో మాత్రం విడిపోయినాయి. ఓవర్‌ఛార్జ్ అంటే తీసుకోకూడనిది తీసుకోవడం, అది తిట్టు. సర్‌ఛార్జ్ అంటే అసలు మొత్తం మీద ఇంకొంత అని రాతపూర్వకంగా, నిబంధన చూపించి వేసేది. నీ కరెంటు బిల్లులోది గడువు దాటి కట్టినందుకు అయ్యుంటుంది, పోయిన బిల్లు ఏ తేదీన కట్టినావో ఒకసారి చూసుకో. ఆదాయం 50 లక్షలు దాటిన వాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ మీద కూడా సర్‌ఛార్జ్ ఉంది. నీకూ నాకూ ఆ బెంగ లేదు.

బ్యాటరీ అన్నాను కాబట్టి నీ బండి బానెట్ కిందికే రా. అది 12 వోల్టుల బ్యాటరీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ దానికి 14 చిల్లర వోల్టులు ఇస్తుంటుంది. రెగ్యులేటర్ చెడిపోయి అది 15, 16కు పోతే లోపలి నీళ్లు గ్యాసుగా విడిపోతాయి. బుడగలొస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, నీళ్లు తగ్గి పలకలు బయటపడతాయి. మెకానిక్ దాన్ని 'ఓవర్‌ఛార్జ్ అయితాంది' అంటాడు. ప్రొద్దుటూరాయన నీకు పెట్టిన మెసేజ్‌లో ఉన్నదీ అదే మాట. ఒకచోట నీళ్లు తగ్గినాయి, ఇంకోచోట మర్యాద తగ్గింది.

ఇక తెలుగు. ఇంగ్లీషు వాళ్లకున్న ఈ ముడి మనకు లేదనుకోవద్దు, ఇంకా గట్టిగా ఉంది. నువ్వు రోజూ గడ్డిమోపు, కట్టెలమోపు చూస్తుంటావు. మోపు అంటే ఎత్తుకునే బరువు. అదే మాటతో నేరం మోపుతాం, పన్ను మోపుతాం, భారం మోపుతాం. 'ఖర్చు తడిసి మోపెడయింది' అంటాం. ఎవరో రైతు పొలంలో గడ్డి కోసి పెట్టుకున్నాడు, ఎత్తుకుపోదామనుకునే లోపల వాన పడింది, పిడికెడనుకున్నది మోపంత బరువైంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఆ తడిగడ్డే కళ్లముందుకొస్తుంది. ఆడవాళ్లు 'బండెడు చాకిరీ' అంటారు. లాటిన్ వాడు బండిలో నుంచి ఛార్జ్ తీసినట్టే మన ఆడవాళ్లు బండిలో నుంచి చాకిరీకి కొలత తీసినారు.

మా కడపకు 1820లో ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఇలాంటి మాటలను ఏరి ఏరి నిఘంటువులో పెట్టినాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆ గోడలు మొండిగా పడి ఉంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరూ తిరిగి చందాలు పోగుచేసి దాన్ని నిలబెట్టినారు. కడపకు లోడు వేసుకొని వచ్చినప్పుడు మీ పాపను ఒకసారి అక్కడికి పిలుచుకుపో. చార్జీ ఏమీ ఉండదు.

అయితే మీ పాపకు చెప్పాల్సిన అసలు మాట మోపడం కాదు. అది పుస్తకాల్లో, పేపర్లలో బతికే మాట. నీ చుట్టూ బతికే మాట ఇంకోటుంది: వేయడం. కాటా దగ్గర నిన్ను ఏమన్నారు? 'లోడు ఎక్కువేసినావు' అని ఉంటారు. ఫైను రాసినాక నువ్వు ఇంటికి ఫోన్ చేసి ఏమన్నావు? 'ఫైను వేసినారు' అని. ప్రొద్దుటూరాయనకు ఇంగ్లీషు రాకపోయుంటే ఏమనేవాడు? 'బాడుగ ఎక్కువేసినావు' అనేవాడు. లోడూ వేస్తాం, రేటూ వేస్తాం, శిక్షా వేస్తాం, పన్నూ వేస్తాం. ఓవర్‌లోడ్‌కూ ఓవర్‌ఛార్జ్‌కూ కలిపి మన సీమలో ఒకే మాట: ఎక్కువేసినావు. పాపకు ఇది చెప్పు, నవ్వుతుంది.

ఇంకో చిన్న తేడా కూడా చెప్పు. ప్రభుత్వం ధరలు పెంచితే మనం 'నెత్తిన వేసినారు, మోపినారు, బాదినారు' అంటాం. అంగడివాడు ఎక్కువ తీసుకుంటే మాత్రం 'గుంజినాడు, పిండినాడు, లాగినాడు' అంటాం. పైవాడు బరువు పెడతాడు, పక్కవాడు ఉన్నది లాక్కుంటాడు. ప్రొద్దుటూరాయన మనసులో నీ మీద ఉన్నది ఈ రెండో మాట. అది మొదటిదానికంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

సరే, ఇప్పుడు నీ లెక్క. నీకు కోపం వచ్చినా చెప్తా, తప్పు నీదే, కాకపోతే నువ్వనుకుంటున్న చోట కాదు.

నాపరాయి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉంటే ఆరుంపావు కిలోల దగ్గర తూగుతుంది. అంటే 160 అడుగులకు టన్ను. నీ పికప్ మోసేది టన్నున్నర అనుకుందాం, ఆర్‌సీలో చూసుకో, ఖాళీ బరువు, లోడుతో బరువు రెండూ రాసుంటాయి. టన్నున్నరకు 240 అడుగులు. నువ్వు 300 అడుగులు ఒప్పుకున్నావు. అంగుళం మందమే అయినా అది 1,875 కిలోలు. ఆయన ఇంటి ముందు టేపు తెచ్చి మందం కొలిచి ఉంటే కొన్ని అంగుళంపావు తేలేవి, మన బండల సంగతి తెలిసిందే కదా, గనిలో పొరలు పొరలుగా లేచేటప్పుడు అంగుళం చూసుకొని లేవవు. అంగుళంపావు అయితే 2,300 దాటుతుంది. నీ చలానాలో ఉన్న 800 అక్కడి నుంచే వచ్చింది. కొనేవాడు అడుగుల్లో లెక్కపెడతాడు, అమ్మేవాడు అడుగుల్లో బిల్లు రాస్తాడు, బండి మాత్రం కిలోల్లో మోస్తుంది. నువ్వు కూడా కొనేవాడి వైపు నిలబడి అడుగులే చూసినావు.

మా నాయన ఎద్దులబండి తోలేవాడు. ఎంత సరుకు ఎత్తినా, ఎద్దులను కట్టే ముందు బండి ముందుకు వచ్చి కాడిమానును ఒక చేత్తో కొంచెం పైకెత్తి చూసేవాడు. వెనక బరువెక్కువైతే నొగ తనంతట తానే పైకి లేస్తుంది, అలాగే కడితే పలుపు ఎద్దు గొంతుకు బిగుస్తుంది. ముందు బరువెక్కువైతే మెడ మీద కూర్చుంటుంది. చేతికి నచ్చలేదంటే, హమాలీలు ఎంత గొణిగినా రెండు మూటలు దించి ముందుకో వెనక్కో జరిపించేవాడు. అట్లా జరపడం వల్ల ఎప్పుడన్నా సంతకు ఆలస్యమైతే మేమే ఆయన్ను తిట్టుకునేవాళ్లం. నీ బండికి కాడిమాను లేదు, కమాను పట్టీలున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు అవి విల్లులా వంగి ఉంటాయి. ఆరోజు బండలెక్కించినాక దిగి చూసుంటే అవి గీతలాగా సాగిపోయి కనిపించేవి. చూసుంటావు కూడా. 'ప్రొద్దుటూరే కదా' అనుకొని ఉంటావు.

రోడ్డు సంగతి కూడా ఒక మాట. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఇంజినీర్లు ప్రత్యేకంగా రోడ్లు వేసి లారీలు తిప్పి తిప్పి చూసినారు. ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకయ్యే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని లెక్క తేలింది. అంటే పావువంతు బరువు ఎక్కువైతే నష్టం పావువంతు కాదు, రెండింతలు దాటిపోతుంది. రెట్టింపు బరువైతే పదహారింతలు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల రోడ్ల గుంతల్లో నీ పికప్ వాటా తక్కువే, సిమెంటు లారీల ముందు నువ్వెంత. అయినా లెక్క లెక్కే.

ఫైను ఎందుకంత అని అడుగుతావేమో. మోటారు వాహనాల చట్టంలో 2019కి ముందు ఓవర్‌లోడ్‌కు 2,000, ఆపైన ఎక్కువున్న టన్నుకు 1,000 ఉండేది. 2019 సవరణతో అది 20,000, టన్నుకు 2,000 అయింది. ఎక్కువున్నది దించేదాకా బండి కదలనీయకూడదు, దించిన కూలీ కూడా బండివాడిదే. నీ 800 చిల్లర కిలోలను ఒక టన్ను కింద లెక్కేసినట్టుంది, అందుకే 22,000 అయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా పైన ఇంకో బండి బాడుగ. నీ బాధ నాకు అర్థమవుతుంది. బండి మీద ఈఎంఐ ఉంటే ఇంకా.

అయితే ఆ బాధలో నువ్వు తీసుకున్న 6,000ను విడదీసి చూడు. 2,500 ఒప్పుకున్న బాడుగ, అది నీ హక్కు. 1,200 రెండో బండికి పోయింది. మిగిలిన 2,300 ఏమిటి? ఫైనులో కొంత ఆయన నెత్తిన వేసినావు. నీ బండి మీద ఎక్కువ వేసిన బరువును తీసుకుపోయి ఆయన బిల్లు మీద వేసినావు. ఓవర్‌లోడ్ ఓవర్‌ఛార్జ్‌గా మారింది ఇక్కడే. మీ పాప అడిగిన ప్రశ్నకు నీ జేబులోనే ఉదాహరణ ఉంది.

ఫైను ఆయనది కాదు. ఎంత బరువు ఎత్తాలో తెలియాల్సింది నీకు, ఆయనకు కాదు. ఆ 2,300 తిరిగి ఇచ్చెయ్. 1,200 మాత్రం వేరే సంగతి. నువ్వు మొదటిరోజే 'అన్నా, ఇది ఒక ట్రిప్పులో పోదు, రెండో బండికి ఇంత అవుతుంది' అని చెప్పుంటే ఆయన ఒప్పుకునేవాడు, ఎందుకంటే ఇంకెవరిని పిలిచినా అదే ఖర్చు. కాబట్టి దాన్ని హక్కుగా తీసుకోవడం కాదు, అడిగి తీసుకోవాలి. ఆయన ఇవ్వనంటే వదులుకో. ఇస్తాడని నా నమ్మకం. డబ్బు వెనక్కి ఇచ్చిన మనిషి మాట ప్రొద్దుటూరోళ్లు బాగానే వింటారు, వ్యాపారం తెలిసిన ఊరు.

చట్టం వైపు నుంచి చూసినా ఇంతే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో, ఇద్దరి మధ్య ఒప్పుకున్న ధరకంటే ఎక్కువ తీసుకున్నా ఫిర్యాదు చేయొచ్చని రాసుంది. ప్యాకెట్ మీద ముద్రించిన ఎంఆర్‌పీ దాటితేనే తప్పు అనుకుంటారు చాలామంది, అట్లా కాదు. ఆయన 1915కు ఫోన్ చేసుంటే నీకు ఇంకో తలనొప్పి. మెసేజ్‌తో పోయింది, సంతోషించు. రేపు నువ్వు బస్టాండులో నీళ్ల బాటిల్ కొంటే 'కూలింగ్ చార్జ్' అని ఎంఆర్‌పీ మీద ఐదు రూపాయలు ఎక్కువ అడిగితే అదే నంబరు నీకూ పనికొస్తుంది.

ఆయనకు మెసేజ్ ఎట్లా పెట్టాలో తెలియక ఆగిపోయి ఉంటావు. పెద్దగా రాయొద్దు. 'అన్నా, ఆరోజు ఫైను వేడిలో మీ దగ్గర 2,300 ఎక్కువ తీసుకున్నా, పంపిస్తున్నా. రెండో బండి బాడుగ 1,200 మీకు న్యాయమనిపిస్తే ఉంచండి, లేకపోతే అది కూడా పంపిస్తా' అని రాసి ముందు 2,300 ఫోన్‌పే చెయ్. డబ్బు పోయినాక మెసేజ్ పెట్టు, ముందు కాదు.

ఇకముందు కోసం ఒక పని చెయ్. ఈ వారంలో ఖాళీ బండి ఒకసారి కాటా ఎక్కించు. లోడుతో ఉండదగ్గ బరువులో నుంచి అది తీసేయ్. క్యాబిన్‌లో నువ్వూ, వెనక ఇద్దరు హమాలీలూ ఎక్కితే వాళ్ల బరువు కూడా అందులోకే వస్తుంది, అది కూడా తీసేయ్. మిగిలినదాన్ని అడుగుల్లోకి మార్చి, టన్నున్నరకైతే అంగుళానికి 240, అంగుళంపావుకు 190, అంగుళంన్నరకు 160, అట్లా పెయింటుతో డ్రైవర్ డోరు లోపలి వైపు రాయించు. గనుల దగ్గర ఎవరైనా 'ఇంకో నాలుగు బండలే కదా, ఎత్తు' అంటే డోరు తెరిచి చూపించు. రాయించే పని మీ పాపకే అప్పజెప్పు, అక్షరాలు బాగుంటాయి.